పెద్దల ఇంటి గుమ్మం దగ్గర మన అధికారం ఎంత?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మూలపేట నుంచి ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)

నేను పదో తరగతి వరకే చదివాను. లాయరును కాను. శిక్షణల్లో విన్నది, కాగితాల్లో చదువుకున్నది, ఊళ్లో చూసింది కలిపి చెప్తాను. నాకు ఇచ్చిన అంశం ‘వృద్ధుల సంరక్షణలో మహిళా సంఘాల పాత్ర’. పాత్ర అంటే మనకు కొత్త కాదు. పోలియో చుక్కల నుంచి ఓటర్ల జాబితా దాకా ఏ పని వచ్చినా మన పాత్ర ఉంటుంది. ఈరోజు ఆ పాత్రకి చట్టంలో ఎంత బలం ఉందో, ఎక్కడ లేదో చెప్పాలనుకుంటున్నాను. ముసలివాళ్లకి కష్టం వచ్చిందని ముందు తెలిసేది మనకే. ఆ తలుపు తెరిపించే అధికారం మాత్రం మన దగ్గర లేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఒక ఇంట్లో పెద్దావిడకి రెండు రోజులుగా అన్నం పెట్టలేదు. ఆ సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? పక్కింటి వాళ్లకి తెలుస్తుంది. కుళాయి దగ్గర మాటల్లో మనకి తెలుస్తుంది. బీపీ చూడ్డానికి వెళ్లిన ఏఎన్ఎంకి, ఆశా కార్యకర్తకి తెలుస్తుంది. ఒకటో తారీఖున పింఛను పట్టుకెళ్లిన సచివాలయం ఉద్యోగికి తెలుస్తుంది. వీళ్లలో ఒక్కరికైనా ‘అమ్మని చూపించండి, ఆవిడతో నేను విడిగా మాట్లాడాలి’ అని అడిగే హక్కు కాగితం మీద రాసి లేదు. అధికారం ఉన్నది ఆర్డీఓ గారికి, కలెక్టరు గారికి, పోలీసులకి, మేజిస్ట్రేటుకి. వాళ్లకి ఆ ఇల్లు ఎక్కడుందో తెలీదు. తెలిసినవాళ్లకి అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్లకి తెలియదు. ఈ మధ్యలో ముసలావిడ ఉంటుంది.

మన వైపు సంగతి

మన తీరం ఊళ్లలో, ఉద్దానంలో ఈ కష్టం మూడు రకాలుగా వస్తోంది.

మొదటిది వలస. మన మత్స్యకారులు బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. మిగతావాళ్లు విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై పోతారు. నెలలకి నెలలు ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, కోడళ్లు, పిల్లలు. కోడలు కూడా భర్తతో వెళ్లిపోతే ముసలివాళ్లే. కొడుకు ఫోన్లో డబ్బు వేస్తాడు. ఆ డబ్బు తీసి, బియ్యం తెచ్చి, వండి పెట్టే మనిషి ఉండాలి కదా.

రెండోది కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా చాలా ఇళ్లలో సంపాదించే కొడుకు ముందు వెళ్లిపోయాడు. తల్లిదండ్రులు, కోడలు, మనవలు మిగిలారు. ఆ ఇంట్లో ముసలాయనకి మందు లేదంటే ఎవరి మీద కేసు వేస్తాం? ఆ కోడలు జీడి బట్టీకి పోయి తెచ్చిన కూలి అయిదుగురికి సరిపోదు. నిర్లక్ష్యం వేరు, లేమి వేరు. కేసు అనే ముందు ఈ తేడా చూడగలిగేది ఊళ్లో ఉన్నవాళ్లే.

మూడోది డబ్బు, ఆస్తి. మా మూలపేటలో పోర్టుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం వాళ్లం ఇల్లు, నేల వదిలి నౌపడ దగ్గర కాలనీకి మారాల్సిన వాళ్లం. పరిహారం వచ్చే ఇంట్లో ముసలివాళ్ల వేలిముద్రకి ఒక్కసారిగా విలువ వస్తుంది. వేలిముద్ర పడ్డాక ఆ మనిషికి విలువ తగ్గిపోతుంది. అన్ని ఇళ్లలో ఇలా జరుగుతుందని నేను అనను. కానీ సభలో ఉన్నవాళ్లందరికీ ఇలాంటి ఇల్లు ఒకటైనా గుర్తొస్తుంది. 2013 భూసేకరణ చట్టంలో వితంతువుని, భర్త వదిలేసిన ఆడమనిషిని వేరే కుటుంబంగా లెక్కించాలని ఉంది. కొడుకు ఇంట్లో ఉంటున్నంత మాత్రాన ఆవిడ పేరు కొడుకు పేరులో కలిసిపోదు. ఇది మన ముసలి అప్పలకి తెలియాలి.

పింఛను కూడా అంతే. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. డయాలసిస్ వాళ్లకి 10,000. పక్షవాతంతో పూర్తిగా మంచాన పడ్డవాళ్లకి 15,000. ఈ డబ్బు కోసమైనా కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లని బాగా చూసుకుంటున్నారు, సంతోషమే. కొన్ని ఇళ్లలో ఒకటో తారీఖు పొద్దున్న మాత్రమే ముసలావిడకి తల దువ్వి వీధరుగు మీద కూర్చోబెడుతున్నారు.

‘నువ్వెవులు?’

జరిగిన ఒక సంగతి చెప్తాను. ఊరు పేరు, ఇంటి పేరు చెప్పను. మా సంఘాల్లో పాత సభ్యురాలు ఒకావిడ కొన్నాళ్లుగా మీటింగులకి రావడం లేదు. ఒంట్లో బాగోలేదన్నారు. ఇంటికెళ్తే నిద్రపోతోందన్నారు. రెండోసారి వెళ్తే కూతురింటికి వెళ్లిందన్నారు. కూతురికి ఫోన్ చేస్తే మా ఇంటికి రాలేదంది. మూడోసారి మేం నలుగురం వెళ్లాం. కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ‘మాయమ్మ, మా ఇల్లు. అడగడానికి నువ్వెవులు?’ అన్నాడు.

ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. చుట్టాలం కాము. పోలీసులం కాము. అప్పు వసూలుకి వెళ్తే మా చేతిలో పుస్తకం ఉంటుంది, సంతకం ఉంటుంది. మనిషిని చూడ్డానికి వెళ్తే ఏ కాగితమూ లేదు. ఒక ఆఫీసుకి వెళ్లి చెప్పాం. ఆవిడనే వచ్చి అర్జీ పెట్టుకోమన్నారు. మంచం దిగలేని మనిషి, తలుపు వెనకాల ఉన్న మనిషి, వచ్చి అర్జీ పెట్టుకోవాలట.

చివరికి ఆ తలుపు తీయించింది బీపీ మిషను. ఏఎన్ఎం గారు నెలవారీ పరీక్ష అని వెళ్తే కాదనలేకపోయారు. ఆవిడ పెరటి పాకలో ఉంది. వీపు మీద పుండ్లు పడ్డాయి. 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాం. వారం తర్వాత కోలుకుంది. ‘కేసు పెడదామా అప్పా’ అని అడిగితే ఆవిడ అన్న మాట: ‘నా కొడుకు మీద కేసు వొద్దమ్మీ. యేళకింత కూడెట్టమను, సాలు.’

తర్వాత కొడుకునీ కూతుర్నీ ఊరి పెద్దల ముందు కూర్చోబెట్టాం. ఎవరింట్లో ఎన్ని నెలలో, పింఛను ఎవరి చేతికో, మందుల ఖర్చు ఎవరిదో కాగితం రాయించాం. ఇప్పుడు ఆవిడ లోపలి గదిలో ఉంది. ఈ కథలో రెండు ప్రశ్నలున్నాయి. ఏఎన్ఎం గారు దొరక్కపోతే ఏమయ్యేది? ఆవిడ వద్దన్నాక మనం ఎంతవరకు వెళ్లొచ్చు? ఈ రెండింటికీ చట్టం ఏమంటుందో తెలుసుకోవాలని నేను పట్టుదలగా శిక్షణకి వెళ్లాను.

చేతిలో ఉన్న చట్టాలు

మొదటిది, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. 2007లో వచ్చింది. మన రాష్ట్రంలో దానికి 2011లో నియమాలు చేశారు. 60 ఏళ్లు నిండి, సొంత సంపాదనతో బతకలేని ఎవరైనా, ఏ వయసు తల్లిదండ్రులైనా పోషణ అడగొచ్చు. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా రేపు తమ ఆస్తి దక్కే బంధువుని అడగొచ్చు. మన రాష్ట్రంలో ట్రిబ్యునల్ అంటే ఆర్డీఓ గారు. మా సంతబొమ్మాళి మండలానికి టెక్కలి. అప్పీలు కలెక్టరు గారి దగ్గర. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఒకసారి ఇంకో 30 రోజులు. నెలకి 10,000 వరకు ఇప్పించవచ్చు. కేసు తేలేలోగా మధ్యంతరంగా కూడా ఇప్పించవచ్చు. చట్టంలో లాయరు అవసరం పెట్టలేదు. ఇచ్చిన ఆర్డరు ప్రకారం డబ్బు కట్టకపోతే నెల వరకు జైలు ఉంది.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క సెక్షన్ 5. పెద్దవాళ్లు తాము అర్జీ పెట్టుకోలేకపోతే, వాళ్లు ఒప్పుకున్న వేరే మనిషి గానీ సంస్థ గానీ పెట్టవచ్చు. సంస్థ అంటే సొసైటీల చట్టం కింద గానీ, అమలులో ఉన్న ఇంకే చట్టం కింద గానీ రిజిస్టరైన స్వచ్ఛంద సంఘం. మన సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరై ఉన్నాయి. కాబట్టి మన సమాఖ్య లెటర్‌హెడ్ మీద, ఆ పెద్దావిడ వేలిముద్రతో అర్జీ పెట్టడానికి మనకి గట్టి ఆధారం ఉంది. ఇంకో మాట, ఎవరూ అర్జీ పెట్టకపోయినా ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకోవచ్చు. ‘ఆవిడనే రమ్మనండి’ అని ఎవరైనా అంటే ఈ సెక్షన్ నంబరు చెప్పండి.

సెక్షన్ 24 ఇంకో బలం. చూసుకోవాల్సిన వాళ్లు పెద్దవాళ్లని వదిలించుకోవాలని ఎక్కడైనా విడిచిపెట్టేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇది పోలీసులు కోర్టు వారంటు లేకుండా పట్టుకోగల నేరం, బెయిలు ఉంది. ‘ఇది మీ ఇంటి గొడవ’ అనడానికి వీల్లేదు.

రెండోది, గృహహింస చట్టం, 2005. ఇది భార్యలకే అనుకుంటాం. తల్లికి, అత్తకి, ఇంట్లో కలిసి ఉంటున్న ఏ ఆడమనిషికైనా వర్తిస్తుంది. 2016లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, హింస పెట్టింది ఆడమనిషి అయినా ఫిర్యాదు చేయవచ్చు. ఇందులో సెక్షన్ 4 చూడండి. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పిన మనిషి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ కేసూ నడవదు. సెక్షన్ 10 ప్రకారం రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ‘సేవలందించే సంస్థ’గా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైతే ఆ ఆడమనిషి కోరిన మీదట సంఘటన నివేదిక రాయవచ్చు, వైద్యపరీక్ష చేయించవచ్చు, వసతి గృహంలో చేర్పించవచ్చు. ఆ పని చేసినందుకు మన మీద దావా వేయలేరు. అత్యవసరంగా సమాచారం వస్తే రక్షణాధికారి గానీ ఆ సంస్థ గానీ పోలీసుల్ని వెంటబెట్టుకుని ఆ చోటికి వెళ్లాలని 2006 నియమాల్లో ఉంది. నేను వెతుకుతున్న అధికారం చాలావరకు ఇక్కడే ఉంది. పనిచేసే మనిషికి చట్టం చేయి పట్టుకున్న చోటు ఇదే.

మూడోది, దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. పక్షవాతం వచ్చిన పెద్దాయన, చూపు పోయిన పెద్దమ్మ దీని కిందకి వస్తారు. సెక్షన్ 7 ప్రకారం ఎవరైనా, ఏ రిజిస్టరైన సంస్థ అయినా, హింస, దోపిడీ జరుగుతోందని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి చెప్పవచ్చు. మన మండలంలో అంటే తహసీల్దారు గారు. ఆయన వెంటనే చర్య తీసుకోవాలి. బాధితుల్ని కాపాడమని పోలీసులకి గానీ దివ్యాంగుల కోసం పనిచేసే సంస్థకి గానీ అధికారం రాసి ఇవ్వవచ్చు.

ఖాళీ ఎక్కడ?

మూడు చట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒక సంగతి అర్థమైంది. ముసలి ఆడమనిషికి గృహహింస చట్టం ఉంది. మంచాన పడ్డ మనిషికి దివ్యాంగుల చట్టం ఉంది. కాళ్లూ చేతులూ ఆడుతూ, కొడుకు కొడితే వీధిలో కూర్చునే ముసలాయనకి మిగిలింది 2007 చట్టం ఒక్కటే. పెద్దల పేరు మీదే వచ్చిన ఆ చట్టంలో, ఇంటికి వెళ్లి చూసే మనిషి ఎవరో రాయలేదు. చూసి చెప్పిన మనిషికి రక్షణ రాయలేదు. పోషణ డబ్బు గురించి వివరంగా ఉంది. తిట్టడం, కొట్టడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం గురించి అంత వివరంగా లేదు.

ఒక పెద్దాయన సంగతే చూడండి. ఇంటి స్థలం కొడుక్కి గిఫ్టు రిజిస్ట్రేషన్ చేశాడు. తర్వాత కొడుకు బయటికి పొమ్మన్నాడు. సెక్షన్ 23 ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించవచ్చు. కానీ ‘నన్ను చూసుకోవాలి’ అనే షరతు ఉండాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన కాగితంలో ఆ ముక్క లేదు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడ కేసులో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దలకి మేలు జరిగేలా చదవాలని చెప్పి, ఆవిడ ఆస్తి ఆవిడకి తిరిగి ఇప్పించింది. ఆవిడ దగ్గర చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. మా పెద్దాయన దగ్గర అదీ లేదు. ఇప్పుడు అన్నదమ్ముల ఇళ్ల మధ్య తిరుగుతున్నాడు. ఆయన కేసు ఇంకా తేలలేదు. అందుకే చెప్తున్నాను, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కేముందు దస్తావేజులో ఆ ఒక్క వాక్యం రాయించండి. తిండి, వసతి, మందులు చూసుకోవాలి, లేకపోతే రద్దు అని. ఒక్క వాక్యానికి ఎక్కువ ఫీజు ఏమీ పడదు.

వేరే దేశాల్లో ఏం చేశారని శిక్షణలో అడిగాను. స్కాట్లాండ్ అనే చోట మన చట్టం వచ్చిన 2007లోనే ఒక చట్టం చేశారట. అక్కడ స్థానిక కౌన్సిల్ అధికారి, హాని జరుగుతోందనే అనుమానం వస్తే ఆ ఇంటికి వెళ్లవచ్చు. ఆ మనిషితో విడిగా మాట్లాడవచ్చు. రానివ్వకపోతే జడ్జి దగ్గర వారంటు తీసుకుని వెళ్తారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఆ పెద్దమనిషికి జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉంది, ఆ సంగతి ముందే చెప్పాలి. ఆయన వద్దంటే కోర్టు కూడా ఊరికే ఆర్డరు ఇవ్వదు. ఎవరో భయపెట్టి వద్దనిపిస్తున్నారని తేలితేనే ఆ ‘వద్దు’ని పక్కన పెడుతుంది. మన పెద్దావిడ ‘కేసు వొద్దమ్మీ’ అన్న మాటకి జవాబు ఇందులో ఉందని నాకు అనిపించింది. కొడుకు ఎదురుగా ఉండగా వద్దంటే ఒక లెక్క. ఆసుపత్రి మంచం మీద, పక్కన ఎవరూ లేనప్పుడు వద్దంటే ఇంకో లెక్క. విడిగా మాట్లాడితే తప్ప ఏది నిజమో తెలియదు. అందుకే తలుపు దాటి, విడిగా మాట్లాడే హక్కు ముఖ్యం.

మన దేశంలోనూ 2019 డిసెంబరులో 2007 చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. ప్రతి పోలీస్ స్టేషన్లో పెద్దల కోసం ఒక అధికారి ఉండాలని, 10,000 పరిమితి తీసేయాలని, కోడలు, అల్లుడు కూడా బాధ్యులేనని అందులో ఉంది. అది చట్టం కాలేదు. ఆ లోక్‌సభతోనే పోయింది.

కోడళ్ల మాట కూడా

ఇక్కడ కూర్చున్నవాళ్లలో అత్తలూ ఉన్నారు, కోడళ్లూ ఉన్నారు. నేనూ కోడలినే. ముసలివాళ్ల మలమూత్రాలు ఎత్తేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో కోడలే. కొడుకు వెరావల్లో ఉంటాడు. ఆడపడుచు పండక్కి వచ్చి, ‘మాయమ్మ చిక్కిపోయింది’ అని కోడల్ని దెప్పి వెళ్లిపోతుంది. మనకి అధికారం వస్తే అది మొదట కోడలి మీద పడకూడదు. చట్టం కూడా అలా చెప్పడం లేదు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు, పెద్దల చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలికి ఆ ఇంట్లో ఉండే హక్కుని తీసేయకూడదని, రెండు చట్టాలూ కలిపి చూడాలని చెప్పింది. అలిసిపోయిన కోడలికి వారానికి ఒక పూట తోడు వెళ్లి కూర్చుంటే సగం గొడవలు ఇంటి గుమ్మం దాటవు.

అలాగే మనం పోలీసులం కావాలని నేను కోరడం లేదు. అధికారం ఉన్న మనిషిని నాలుగు రోజుల్లో ఆ గుమ్మం దగ్గరికి రప్పించే హక్కు, ఆయన వచ్చేదాకా మనల్ని ఎవరూ ‘నువ్వెవులు’ అనకుండా ఒక కాగితం, ఇవి చాలు.

ఏం చేద్దాం, ఏం అడుగుదాం

ఇప్పటి నుంచే మనం చేయగలిగినవి చెప్తాను.

ఒకటి. ప్రతి గ్రామ సమాఖ్య ఇద్దరు సభ్యుల్ని పెద్దల కోసం పెట్టుకోవాలి. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్లాలి. ఒంటరిగా ఉన్న పెద్దల పేర్లు, వెళ్లిన తారీఖు, చూసింది ఒక పుస్తకంలో రాయాలి. రేపు ఆర్డీఓ గారి ముందు ఆ పుస్తకమే సాక్ష్యం.

రెండు. పెద్దల పింఛను ఏ సంఘం కిస్తీలోకీ జమ కాకూడదు. కోడలి కిస్తీ కోడలిది, అత్త పింఛను అత్తది.

మూడు. సెక్షన్ 5 కింద అర్జీ పెట్టడానికి ‘నా తరఫున ఈ సమాఖ్య అర్జీ పెట్టడానికి ఒప్పుకుంటున్నాను’ అనే కాగితం తెలుగులో అచ్చు వేయించి ప్రతి ఊరికీ ఇవ్వాలి.

నాలుగు. ఫోన్ నంబర్లు గోడ మీద రాయించాలి. పెద్దల హెల్ప్‌లైన్ 14567. న్యాయ సేవలకి 15100. అత్యవసరానికి 112. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి.

ఒకటి. 2007 చట్టం సెక్షన్ 22 ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం కలెక్టరు గారికి అధికారాలు ఇవ్వవచ్చు. కలెక్టరు గారు తన కింది అధికారికి వాటిని అప్పగించవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి మండలానికి ఒక అధికారి పేరు రాసి, సమాచారం అందిన ఇన్ని రోజుల్లో ఇంటికి వెళ్లి, పెద్దవాళ్లతో విడిగా మాట్లాడాలని ఆదేశం ఇవ్వాలి.

రెండు. కేంద్రం రాష్ట్రాలకి పంపిన మాదిరి నియమాల్లో, ప్రతి పోలీస్ స్టేషన్ ఒంటరి పెద్దల జాబితా ఉంచుకోవాలని, నెలకి ఒకసారైనా పోలీసు, వీలైతే ఒక సామాజిక కార్యకర్త లేదా వాలంటీరుతో కలిసి వెళ్లి చూడాలని ఉంది. ఆ వాలంటీరు స్థానంలో మన సంఘం సభ్యురాలిని పెట్టి గుర్తింపు కార్డు ఇవ్వాలి. అప్పుడు గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నకి జవాబు మన మెడలో వేలాడుతుంది.

మూడు. మన సమాఖ్యని గృహహింస చట్టం కింద సేవలందించే సంస్థగా నమోదు చేయాలి. దరఖాస్తు మనమే పెట్టాలి.

నాలుగు. గృహహింస చట్టంలో సమాచారం ఇచ్చినవాళ్లకి ఉన్న రక్షణ, పెద్దల చట్టంలోనూ రావాలి. ఊళ్లో మనం పక్క పక్క ఇళ్లలో బతకాలి. చెప్పిన మనిషి పేరు బయటపడితే రేపటి నుంచి ఆ వీధిలో నడవడం కష్టం. ఆ భయంతోనే చాలామంది చూసి కూడా ఊరుకుంటున్నారు.

అక్కల్లారా, పొదుపు మొదలుపెట్టిన రోజుల్లో బ్యాంకు గుమ్మం దగ్గర కూడా మనల్ని ‘మీరెవరు’ అనే అడిగారు. పుస్తకాలు రాసుకుని, తీర్మానాలు చేసుకుని, కిస్తీలు కట్టి చూపించాక కుర్చీ వేశారు. పెద్దల విషయంలో కూడా అలాగే పుస్తకం రాద్దాం, తీర్మానం చేద్దాం, కాగితం అడుగుదాం. నేను చెప్పిన నాలుగు కోరికలూ ఈ సమావేశం తీర్మానంగా రాసి కలెక్టరు గారికి పంపాలని మూలపేట తరఫున ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్లు చేతులెత్తండి.